కాన్పుల వార్డు కిటికీ కింద అరటి చెట్టు

పల్నాడులో అరటి చెట్టు పెంచడమంటే మాటలు కాదు. పలుగు వేస్తే మట్టి కన్నా ముందు రాయి పలుకుతుంది. చేంతాడు మొత్తం వదిలితే గాని బావిలో నీళ్ళు అందవు. అలాంటిది 1941 వేసవిలో గురజాల దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో, కాన్పుల వార్డు కిటికీ కింద, ఒక అరటి చెట్టు మూరెడు వెడల్పు ఆకులేసుకుని కళకళలాడుతుండేది. చుట్టూ వేపచెట్లు కూడా ఆకు ముడుచుకున్నాయి గాని దానికి వాడడమనేదే తెలియదు. తోటమాలి జక్కయ్య వచ్చిన వాళ్ళనల్లా పిలుచుకుపోయి చూపించేవాడు.

“ఏం మందేశావు జక్కయ్యా?” అని అడిగితే చాలు, మీసం మీద చెయ్యేసేవాడు. “మందా మన్నా? నా చెయ్యి అట్టాంటిది!”

నిజానికి ఆ చెయ్యి దానికి వారానికొక చేద నీళ్ళు పోస్తే గొప్ప. ఈ సంగతి గమనించింది ఒక్క ఫిలోమినా.

ఫిలోమినా ఆ వార్డులో ఆయా. నాపరాళ్ళ గనిలో రాయి కొట్టే అంతోని పెద్ద కూతురు. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివి, పదహారో ఏట చీపురు పట్టింది. నేల కడగడం, బేసిన్లు పారబోయడం, కాచి చల్లార్చిన నీళ్ళు మంచం మంచానికీ కూజాలో నింపిపెట్టడం ఆమె పని. చేతులు పనిలో ఉన్నా కళ్ళు ఊరికే ఉండేవి కావు. కూజాలన్నీ పొద్దు గూకేసరికి ఖాళీ అవుతున్నాయి. బాలింతల పెదాలు మాత్రం ఎండి పగులుతున్నాయి. నీళ్ళు ఎక్కడికి పోతున్నట్టు?

ఆ కాలంలో బాలింతకి తాగడానికి నీళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు. నీళ్ళు తాగితే పొట్ట జారిపోతుందనీ, పాలు పలచబడి బిడ్డకి జలుబు చేస్తుందనీ పెద్దవాళ్ళ భయం. కాయం మందు ముద్ద పెట్టేవాళ్ళు, వెల్లుల్లి కారంతో అన్నం పెట్టేవాళ్ళు, నీళ్ళు మాత్రం నాలుక తడిపేంత. అది కోపంతో చేసేది కాదు, ప్రేమతోనే చేసేది. అందుకే మాన్పించడం అంత కష్టం.

ఆసుపత్రి నడిపే మదరమ్మ సముద్రాలు దాటి వచ్చిన కన్యస్త్రీ. తెలుగుని పుస్తకాల్లోంచి నేర్చుకుంది. ప్రతి మంచం దగ్గరా నిలబడి, “ఈమె చేత నీరు విరివిగా త్రాగింపవలెను” అనేది. అత్తలూ తల్లులూ చేతులు కట్టుకుని, “అట్నే మదరమ్మా” అనేవాళ్ళు. ఆమె అటు తిరగ్గానే కూజా ఎత్తి కిటికీలోంచి వంచేవాళ్ళు. అరటి చెట్టు తాగేది.

ఒక మధ్యాహ్నం దాచేపల్లి పక్క ఊరి ఆసామి ఇంటావిడ శేషమ్మ అలా వంచుతూ ఫిలోమినా కంట పడింది. మంచం మీద ఆమె పెద్ద కోడలు, మొదటి కాన్పు, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

“అమ్మగారూ, ఆ నీళ్ళు కోడలమ్మకి తాగించండి. జొరం దిగుద్ది. మదరమ్మ చెప్పింది గదా” అంది ఫిలోమినా.

శేషమ్మ చూపు ఆ పిల్ల మొహం దాకా రాలేదు, చేతిలోని చీపురు దగ్గరే ఆగింది. “ఏమే పిల్లా! నువ్వెంతమందిని కన్నావే? ఊడ్చే పని ఊడ్చుకో. కాన్పులు నువ్వు నాకు చెప్పొచ్చావూ!”

సాయంత్రానికి ఆ కోడలు సంధి మాటల్లో పడింది. మదరమ్మ పరుగున వచ్చి తొడలోకి సూది గుచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించింది. తెల్లారేసరికి ప్రాణం నిలబడింది. శేషమ్మ దణ్ణాలు పెట్టి, పక్క మంచం వాళ్ళతో, “సూదితో ఎక్కిస్తే ఫర్లేదంట. నోట్లో పోస్తేనే పొట్ట జారేది” అని నమ్మకంగా చెప్పింది.

ఫిలోమినాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మదరమ్మకి చదువుంది, ఈ జనం మాట లేదు. తనకి మాట ఉంది, వినిపించే చదువు లేదు. ఈ రెండూ ఒక మనిషిలో ఉంటే గాని ఆ కూజా బాలింత నోటి దాకా రాదు. ఆ మనిషి తనెందుకు కాకూడదు?

మరునాడే వెళ్ళి మదరమ్మ ముందు నిలబడింది. మదరమ్మ రెండు దారులు చూపించింది. ఒకటి దగ్గరి దారి: ఇక్కడే ఏడాది పాటు తెలుగులో మంత్రసాని పని నేర్చుకోవచ్చు, తిండి పెడతారు, జీతం ఇస్తారు. రెండోది దూరపుది: నరసరావుపేటలో మూడేళ్ళు బోర్డింగులో ఉండి థర్డు ఫారం, అంటే ఎనిమిదో తరగతి పాసవ్వాలి. ఆ తర్వాత గుంటూరు వెళ్ళి మూడున్నరేళ్ళు ఇంగ్లీషులో నర్సు చదువు. “తొందరపడి చెప్పవలదు. ఇంట అడిగి రమ్ము” అంది మదరమ్మ.

ఇంట్లో అడిగితే తల్లి రాజమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

“ఏడేళ్ళా? ఏందే నీకు దెయ్యం పట్టిందా? అప్పటికి నీ ఈడోళ్ళు నలుగురేసి పిల్లల్ని కంటారు!”

“కననీ అమ్మా. ఆ కాన్పులన్నీ నేనే చేస్తాలే.”

“నోటికేం తక్కువ లేదు! ఏడాదిలో అయ్యే చదువు ముందర పెడితే, ఏడేళ్ళది కావాలంట మారాణికి. మంత్రసాని అయితే కాన్పులు చెయ్యలేవా?”

“చేస్తా. కాన్పయినాక నా మాట వినరు. చీపురు తీసేసి కత్తెర ఇచ్చారంటారు, అంతే.”

అంతోని సంగటి ముద్ద మింగుతూ కూతుర్ని రెండు మూడుసార్లు చూశాడు. చివరికి, “ఒక ఏడు చూద్దాం. చదువు రాకపోతే తిరిగొచ్చి మదరమ్మ చెప్పిన దగ్గరి దాంట్లో చేరాల. ఒప్పుకుంటేనే పో” అన్నాడు. ఫిలోమినా ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేదేముంది?

నరసరావుపేట బోర్డింగు బడిలో ఫస్టు ఫారం పిల్లలు బెత్తెడేసి ఉండేవాళ్ళు. వాళ్ళ బల్ల కింద ఫిలోమినా మోకాళ్ళు పట్టలేదు. మొదటి రోజు ఆమె లోపలికి రాగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు, టీచరనుకుని. ఆ తర్వాత ఆమె వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చునేసరికి ఒకటే నవ్వులు. ఆ రోజు నుంచి ఆమె పేరు ‘పెద్దమ్మ’. “పెద్దమ్మా, నీ పలక పగిలింది!” “పెద్దమ్మా, నీకు ఏబీసీడీలు రావా?” పదేళ్ళ వాళ్ళు తప్పులు దిద్దుతుంటే ఆమె దిద్దించుకునేది. ఉడుకుమోత్తనం రాలేదా అంటే వచ్చింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చిన రోజులున్నాయి.

అయితే చిత్రమేమిటంటే, ఆ పిల్లల్లోనే ఎవరి మోకాలు చీరుకుపోయినా, చెవిలో చీము కారినా పరుగెత్తుకొచ్చేది పెద్దమ్మ దగ్గరికే. ఆమె వేడినీళ్ళు పెట్టి కడిగి, గుడ్డ చుట్టి, “ఇప్పుడు చెప్పు, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?” అనేది. అలా మోకాలికో మాట, చెవికో మాట కూలి కింద వసూలు చేసుకుంది.

ఎంత వసూలు చేసినా ఏడాది చివర ఇంగ్లీషు పరీక్ష తప్పింది.

కబురు ఊరికి చేరింది. అంతోని మాచర్ల బండెక్కి నరసరావుపేటలో దిగాడు, కూతుర్ని తీసుకుపోదామని. మాట మాటే కదా. ఫిలోమినా ట్రంకు పెట్టె సర్దుకుని వరండాలో కూర్చుంది. ఒళ్ళో ఇంగ్లీషు వాచకం తెరిచే ఉంది. పెదాలు కదులుతూనే ఉన్నాయి.

“తప్పినాక ఇంకెందుకు చదవటం?” అన్నాడు అంతోని పక్కన కూర్చుంటూ.

“ఎక్కడ తప్పానో చూసుకుంటన్నా నాయనా.”

ఇంగ్లీషు చెప్పే రాజారత్నం టీచరమ్మ అటుగా వచ్చింది. బిగించి వేసిన కొప్పు, అంతకన్నా బిగించిన మొహం. “మీరు తండ్రిగారా? మీ అమ్మాయికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఏడాదే అయింది. మిగతా పిల్లలకి నాలుగేళ్ళు. అయిదు మార్కుల్లో పోయింది. తీసుకుపోతే నేను వద్దనను. కానీ బాధపడతాను” అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

అంతోని తన అరచేతుల్లోని కాయలు గిల్లుకున్నాడు. గనిలో పెద్ద పలక లేపాలంటే గీత పొడుగునా ఉలితో గుంటలు పెట్టుకుంటూ పోవాలి. సగంలో విసుగెత్తి సమ్మెట వేస్తే రాయి అడ్డంగా విరుగుతుంది, అన్నాళ్ళ పనీ నాశనం. అతను ఎందరో కొత్తవాళ్ళని ఈ ఒక్క తప్పుకే తిట్టాడు.

“సగం గుంటలయినాయి గదంటే?” అన్నాడు ఉన్నట్టుండి.

“ఏంది నాయనా?”

“ఏం లేదు. పెట్టె లోపల పెట్టుకో. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.” లేచి తువ్వాలు దులుపుకున్నాడు. “నన్ను తిట్టుద్ది. తిట్టనీ.”

రాజమ్మ తిట్టింది. వేసవి సెలవులంతా తిట్టింది. ఆ తిట్ల మధ్యనే కిరసనాయిలు దొరకని యుద్ధం రోజుల్లో ఎక్కడెక్కడో అడిగి సీసాడు తెచ్చి, కూతురు చదువుకునే బుడ్డిలో పోసింది.

రాజారత్నం టీచరమ్మ ఆ వేసవి తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టి ఆమెని పై తరగతిలోకి తోసింది. ఆపైన ఫిలోమినా తప్పలేదు. థర్డు ఫారం పాసై గుంటూరు చేరింది. అక్కడి చదువు వేరే లోకం. పగలంతా వార్డు, సాయంత్రం ఇంగ్లీషు పాఠం, మధ్యలో దొరికినప్పుడు నిద్ర. మనిషి ఒంట్లో నెత్తురు ఎలా తిరుగుతుందో చెబుతుంటే తోటి పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు. ఫిలోమినా మాత్రం ఇది శేషమ్మ లాంటి మనిషికి ఎలా చెప్పాలా అని మనసులోనే పల్నాడు మాటల్లోకి తిప్పుకునేది. అందువల్లే కావచ్చు, ఒకసారి తలకెక్కింది మరి దిగలేదు.

1948 వేసవికి ఫిలోమినా తెల్ల చీర, తల మీద గంజి పెట్టిన టోపీతో మళ్ళీ ఆ ఆసుపత్రిలోనే అడుగుపెట్టింది. మదరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, “వచ్చితివా!” అంది. జక్కయ్య నోరు తెరిచి చూసి, “మన ఫిలోమినానా? సరే గాని, నా అరటి బోదె చూశావా, పిలకలేసి గుంపయింది!” అని కిటికీ దగ్గరికి లాక్కుపోయాడు. గుంపు నిజంగానే పచ్చగా ఉంది. ఫిలోమినా చూపు ఆ పచ్చదనం మీంచి పైన కిటికీకి మళ్ళింది.

వారం తిరక్కుండానే శేషమ్మ వచ్చింది, ఈసారి చిన్న కోడలితో. కాన్పు ఫిలోమినాయే చేసింది. మగబిడ్డ. శేషమ్మ తేరిపార చూసింది. “నువ్వు ఆ రాళ్ళు కొట్టే అంతోని కూతురివి కాదంటే?”

“అవునమ్మగారూ.”

“ఎంతదానివయ్యావే!” అని మెచ్చుకుని ముక్కు మీద వేలేసుకుంది.

ఫిలోమినా కూజా మంచం పక్కన పెట్టి, కోడలికి నీళ్ళు తాగించమని చెప్పింది. “అట్నే నర్సమ్మా” అంది శేషమ్మ.

ఫిలోమినా తలుపు దాటిందో లేదో, వెనకాల కిటికీ కింద జలజలమని చప్పుడు.

ఆ చప్పుడు ఆమె ఒంట్లోంచి దూసుకుపోయింది. పదేళ్ళ పిల్లల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నది, స్నానాల గదిలో ఏడ్చింది, అమ్మ తెచ్చిన కిరసనాయిలు, అన్నీ ఆ చెట్టు మొదట్లోకే పోయినట్టనిపించింది. టోపీ పెట్టుకున్నా అదే ‘అట్నే’, అదే కిటికీ.

వెనక్కి తిరిగింది. కేకలేస్తుందేమో అనుకుని శేషమ్మ కూజా కొంగు చాటున పెట్టుకుంది. ఫిలోమినా వచ్చి గచ్చు మీద, శేషమ్మ కాళ్ళ దగ్గర చతికిలబడింది.

“అమ్మగారూ, మీ పెద్దబ్బాయి ఏ నెల్లో పుట్టాడు?”

“వాడా? రోహిణి కార్తెలో. అబ్బో, ఏం ఎండలని! పిట్టలు రాలినయ్యి.”

“మీకు దాహమెయ్యలా?”

శేషమ్మ కోడలు నిద్రలో ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించింది. “ఎయ్యకేం? నాలిక పిడచకట్టుకపోయె. మా అత్త చుక్క ఇయ్యలా. మూడో పూట ఆగలేక దొడ్లోకి పాకి, గొడ్ల కుడితి తొట్లో మొహం పెట్టి తాగా. కడుపు నిండా తాగా.”

“మీ అత్తగారు చూడలేదా?”

“చూసింది. గడప మీదే నిలబడింది. చూడనట్టు లోపలికి పోయింది.” అలా అని ఆమె కళ్ళు అరటాకుల మీద నిలిపింది.

“అయితే మీ పొట్ట జారిందా? పెద్దబ్బాయికి జలుబు చేసిందా?”

“జలుబా? దున్నపోతల్లే పెరిగాడు.”

అప్పుడు ఫిలోమినా చెప్పింది. కాన్పులో పోయిన నెత్తురు ఒంట్లో మళ్ళీ ఊరాలంటే నీళ్ళు కావాలనీ, పాలలో ఎక్కువ భాగం నీళ్ళేననీ, ఏడేళ్ళ కిందట పెద్ద కోడలి తొడలోకి సూదితో ఎక్కించినవీ ఈ నీళ్ళేననీ, నోటితో తాగితే ఆ సూది బాధ ఉండదనీ. ఇంగ్లీషు ముక్క ఒక్కటి రాకుండా, కుడితి తొట్టి పక్కన కూర్చుని చెబుతున్నట్టు చెప్పింది.

శేషమ్మ విన్నది. “ఇదంతా అప్పుడే చెప్పొచ్చు గదే, పెద్దదానికి అంత కష్టం తప్పేది!”

“చెప్పానమ్మగారూ. అప్పుడు నా చేతిలో చీపురుంది.”

శేషమ్మ మొహం కందింది.  కొంగు చాటు నుంచి కూజా తీసి ఫిలోమినా చేతికిచ్చింది. ఫిలోమినా నింపుకుని వచ్చింది గాని తను తాగించలేదు. తిరిగి ఆమె చేతికే ఇచ్చింది. “అత్త చేత్తో పోస్తేనే ఆ పిల్ల భయం లేకుండా తాగుద్ది.”

శేషమ్మ కోడలి మెడ కింద చెయ్యేసి లేపింది. “తాగమ్మా. నే జెప్తన్నా, తాగు.” ఆ పిల్ల అత్త మొహం కేసి ఒకసారి చూసి, ఆమె పోసిచ్చిన గ్లాసుని రెండు చేతులా పట్టుకుని ఊపిరి తీసుకోకుండా తాగింది. అడుగున ఒక్క చుక్క మిగల్చలేదు.

ఆ పూట నుంచి పక్క మంచాలకి పాఠం చెప్పింది శేషమ్మే. ఫిలోమినా చెబితే ఒక పూట పట్టేది ఆమె గదిమితే చిటికెలో అయ్యేది. “ఏమే, ఆ కిటికీ దగ్గర నీకేం పని? ఇటు తే కూజా!” అని వార్డు దద్దరిల్లేలా అరిచేది. ఆమె వెళ్ళేటప్పటికి ఆ అరవడం ఇంకొక అత్తకి పట్టుబడింది.

నెల తిరిగేసరికి జక్కయ్య నెత్తిన చేతులు పెట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. “నర్సమ్మా, ఇదేం శాపమో! నా అరటి గుంపంతా ఎండిపోతంది. ఆకులన్నీ చీలి వేలాడతన్నయ్యి. ఏం పురుగు పట్టిందో ఏమో!”

ఫిలోమినా చేతిలోని కూజా దించి, కిటికీలోంచి కిందికి తొంగి చూసింది. మొదట్లో మట్టి నెర్రెలు విచ్చి, తెల్లగా, పొడి పొడిగా ఉంది. 

“పురుగేం కాదులే బాబాయ్,” అంది. “చేద తీసుకుని బావి కాడికి పో. ఇక నుంచి దానికి నువ్వే పొయ్యాల.”