కట్టయ్య వాపస్ తీసుకున్న మాట

మా పక్కింటి కట్టయ్య తను అన్న మాటను వాపస్ తీసుకోకుండా ఒక్క పూట ఉండలేడు. చాయ్ వద్దంటాడు, గ్లాసు లోపలికి పోకముందే "పొయ్యక్కా" అంటాడు.

ఒకసారి వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణంవాడితో కట్టయ్య పెట్టుకున్న కొట్లాట కళ్లారా చూశాను. బిడ్డ భారతికి కొన్న చీరను గంట తిరగకముందే వెనక్కి తెచ్చాడు. దుకాణంవాడు గోడ మీది బోర్డు చూపించాడు.

"అమ్మినంక వాపస్ లేదు పెద్దమనిషీ! చదువుకో."

"చదివిన. పొద్దుగాల నువ్వొక ధర చెప్పినవ్. మా అక్క నోరు తెరవంగనే వాపస్ తీస్కున్నవ్. నువ్వు తీస్కుంటే యాపారం, నేను తీస్కుంటే తప్పా?"

జనమంతా నవ్వారు. చీర మారింది. ఆ అక్క నేనే. నా నోటికి జడవని దుకాణం వరంగల్‌లో ఇంకా తెరవలేదు.

మొన్న గుండె బలహీనపడి కట్టయ్య దవాఖానలో చేరాడు. గుండె ఆగితే ఛాతీ నొక్కి, గొంతులో గొట్టం వేసి చూస్తామనీ, వద్దంటే వద్దనే ఫైలులో రాస్తామనీ డాక్టరు రమాకాంత్ విప్పి చెప్పాడు. "వద్దు సారూ, సల్లగ పోనియ్యి" అని కట్టయ్య సంతకం పెట్టాడు.

సాయంత్రానికి మళ్లీ పిలిచాడు. "సారూ, నా మాట వాపస్. నొక్కుర్రి!"

"సరే పెద్దయ్యా. నీకు తెలివున్నంతసేపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నీ మాటే చెల్లుతది, నీ బిడ్డ మాట గూడ కాదు. రాసుకొస్తా, ఇంకో సంతకం పెట్టు."

కట్టయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన అలవాటుకు చట్టం తోడొచ్చింది మరి!

నాకు మాత్రం కాలు నిలవలేదు. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి తిరిగి, లోపలికి పోయి దులిపాను.

"ఏందిరా, పానమంటే చీర అనుకున్నవా? నీకు గొట్టం కావాల్నా, వద్దా?"

"వద్దక్కా."

"మరెందుకు నొక్కుమన్నవ్?"

"సంతకం పెట్టంగ భారతి మొహం చూసినవా? అప్పటిసంది మెతుకు ముట్టలే. వాపస్ అన్నంక ఇప్పుడే డబ్బా ఇప్పింది, చూడు."

తొంగి చూశాను. బయట బెంచీ మీద భారతి అన్నం కలుపుకుంటోంది. ఆ చీర రోజు కూడా "మంచిగుంది నాయినా" అంటూనే ఈ పిల్ల మొహం చిన్నబోయింది. నేను ధర చూశాను. కట్టయ్యేమో బిడ్డ మొహం చూశాడు.

"ఈ రాత్రే ఏమన్నయితే?"

"అయితే నొక్కుతరు. బిడ్డ కడుపు నిండితే ఆ మాత్రం నొప్పి ఓర్వనా? ఇయ్యాల తిని పండనియ్యి. రేపు సారు వచ్చినప్పుడు దాన్ని పక్కన కూసోబెట్టుకొని నేనే సమజ్ చేపిస్త. మల్ల వద్దనే రాయిస్త. అది ఏడుస్తది. అప్పుడు జర నువ్వొక పని చెయ్యాలె అక్కా."

"ఏంది?"

"దవాఖాన అదిరేటట్టు నన్ను తిట్టు. నువ్వు తిడితే దానికి నవ్వాగదు."