పేరు చెప్పని రోజారాణి

రోజారాణి గట్టిగా మాట్లాడగా మా దవాఖానాలో ఎవరూ వినలేదు. కానీ ఆమె ‘కాదు’ అన్నదంటే ఆ మాట వెనక్కి పోదు. సత్తుపల్లి ఓపెన్‌కాస్టులో బొగ్గు మోసే డంపర్ నడిపిన గోపయ్య కూతురు ఆమె. ఆయన బండి ఎక్కగానే ముందు ఇంజన్ వేడి చూపించే ముల్లు చూసేవాడట. ముల్లు చూడకుండా బండిని తిట్టేవాళ్లంటే ఆయనకు పడేది కాదు. ఆ గుణమే బిడ్డకు వచ్చింది.

భద్రాచలంలో గోదావరి గట్టు దగ్గరి మా ట్రస్టు దవాఖానాలో కంప్యూటర్ల బాగోగులు చూడడం ఆమె పని. చీటీలు, రక్తపరీక్షలు, మందుల వివరాలు అన్నీ వెనకగదిలోని ఒకే యూనిక్స్ కంప్యూటర్‌లో ఉంటాయి. మందుల కిటికీ దగ్గర కూర్చునే నాకు పేర్లు రావాలన్నా అక్కడినుంచే రావాలి. ఆ యంత్రం తన ఒంటి సంగతి తానే రాసుకునేటట్టు రోజారాణి ఏర్పాటు చేసింది. ప్రాసెసర్‌కు ఎంత పని పడింది, మెమరీ ఎంత నిండింది, డిస్క్ దగ్గర ఎన్ని పనులు ఆగి ఉన్నాయి, లోపల వేడి ఎంత, అన్నీ పది నిమిషాలకోసారి రాసి దాస్తుంది. ముందు గదిలో కూర్చుని ఆమె వాటిని గీతలుగా మార్చి చూసుకుంటుంది.

“మా పేషెంట్లకన్నా నీ పేషెంటుకే చార్టులెక్కువ తల్లీ,” అని నర్సు రాజ్యశ్రీ నవ్వేది.

“నా పేషెంటు అడగకముందే చెప్తది. మీవోళ్లు అడిగినా చెప్పరు,” అనేది రోజారాణి.

ఈ వానాకాలం అడవి ఊళ్లవాళ్ల కోసం కొత్త కౌంటర్ తెరిచాం. ఆ రోజు పూజ చేయించి, దవాఖానా వ్యవహారాలు చూసే బసవపున్నయ్యగారు సిబ్బందికందరికీ స్వామివారి శేషవస్త్రాలు పంచారు. కౌంటర్‌లో కూర్చునేది దేవ్లా. తండాలో పుట్టినా కోయ మాట నేర్చుకున్నాడు. జ్వరంతో బస్సు దిగిన ముసలివాళ్లను ముందు కూర్చోబెడతాడు, తన సీసాలో నీళ్లు తాగిస్తాడు, ఆ తర్వాతే పేరడుగుతాడు. అతను ఇంటికి పోయేసరికి ఆ సీసా ఎప్పుడూ ఖాళీయే.

కౌంటర్ మొదలైన మరునాటినుంచే పొద్దుటిపూట చీటీలు ఆలస్యం కాసాగాయి. పేరు కొట్టి, చాయ్ తాగి వచ్చినా తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది. వరస వరండా దాటి వానలోకి పోయేది.

ఒక శనివారం బసవపున్నయ్యగారు అందరినీ పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. తన ఇంటి భోజనాన్నే రోగుల పక్కవాళ్లకు పెట్టించిన రోజులు నాకు తెలుసు.

“దేవ్లా కౌంటర్ వచ్చాకే ఈ తిప్పలన్నీ. సాఫ్ట్‌వేర్ వాళ్లూ అదే అన్నారు. సోమవారం నుంచి తీసేద్దాం. అందరూ ఫోన్‌లో టోకెన్ తీసుకుని పెద్ద కౌంటర్‌కే రావాలి,” అన్నారు.

“మా ఊళ్లల్ల సిగ్నలే ఉండదు సార్,” అన్నాడు దేవ్లా మెల్లగా.

“ఏం చేస్తాం బాబూ. ఇంకోటి రోజారాణీ, ఆ లెక్కలు రాయించడం కూడా ఆపమ్మా. మిషన్‌కి అదో బరువట.”

“ఆపను సార్.”

అందరం ఆమెవైపు తిరిగాం. ఆమె గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

“జ్వరం తగ్గాలని మనం థర్మామీటర్ దాచిపెడతమా? కౌంటర్ వల్లనే అయితే జనమొచ్చినప్పుడు ప్రాసెసర్‌కు పని పెరగాలె. పెరగలే. పని తక్కువున్నా నడక తగ్గుతున్నది. ఎందుకో నాకింకా తెల్వదు. తెలిసేదాక కౌంటర్ తియ్యొద్దు.”

“సోమవారం పొద్దున్న చెప్పు. లేకపోతే తీసేస్తాను,” అన్నారాయన.

ఆదివారం దేవ్లా కౌంటర్ ఉండదు. అయినా ఆమె వచ్చి కూర్చుంది. జనం లేని ఆ పొద్దున కూడా యంత్రం వేడి ఎప్పటిలాగే పైకి పాకింది. పాత గీతలు తీసి చూస్తే ఆ వేడి ఒకే ఒక్క వారం మాత్రం పెరగలేదు. ఆ వారం దేవ్లా దగ్గర జనం కిటకిటలాడారు. ఊడ్చే జంపక్క మాత్రం మనవరాలి పురుడుకు ఊరికి పోయి ఉంది.

రోజారాణి లేచి వెనకగది తలుపు తీసింది. యంత్రం ముఖం మీద పసుపురంగు శేషవస్త్రం మడత చెడకుండా కప్పి ఉంది. పైన రెండు మందారాలు.

“దుమ్ము పడొద్దని నేనే కప్పిన బిడ్డా,” అంది జంపక్క చీపురు పట్టుకునే. “ఊడిస్తే లేస్తది గద. మల్ల జనం దుమ్ము. అందరు పోయినంక తీస్త. దేవుని బట్ట నేనేడ కట్టుకోను? ఇంతమందిని చూసుకునేది ఇదే గదా అని దీనికిచ్చిన.”

“మంచిగనే అనుకున్నవ్ అక్కా. కానీ అది గాలి పీల్చేది ఆడికెల్లే.”

వేడెక్కితే ఆ యంత్రం కాలిపోకుండా తన నడక తానే తగ్గించుకుంటుంది. రోజారాణి ఆ సంగతి చెప్పగానే జంపక్క చీపురు వదిలి గబగబా మందారాలు తీసేసింది. ఆమెది కాంట్రాక్టు పని. మాట బయటికి పోతే మరునాడే వేరే మనిషి వస్తుంది. రోజారాణి బట్ట మడిచి, కళ్లకద్దుకుని, ఆమె చేతిలో పెట్టింది.

సోమవారం బసవపున్నయ్యగారికి రెండు గీతలు చూపించింది, బట్ట ఉన్న రోజుది, లేని రోజుది. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు.

“ఏం బట్టమ్మా?”

“మీరు పంచిన శేషవస్త్రమే సార్.”

ఆయన చెయ్యి తన భుజం మీది కండువా మీదికి పోయింది. “ఎవరు కప్పారు?” అన్నారు.

“చెప్పను.”

“వానాకాలమంతా రోగుల్ని నిలబెట్టారమ్మా. అలాంటోళ్లని పనిలో ఉంచుకోమంటావా?”

“కప్పినోళ్లది భక్తి సార్. వేడి చూసుకోవాల్సింది నేను. ఆ గది నాది. మెమో ఇస్తే నాకియ్యండ్రి. పేరు మాత్రం అడగొద్దు. కౌంటర్ తియ్యొద్దు.”

మెమో ఇచ్చారు. ఆమె సంతకం చేసి తీసుకుంది. దేవ్లా కౌంటర్‌ను అలాగే ఉంచారు.

ఆ మధ్యాహ్నం జంపక్క నా కిటికీ దగ్గరికి వచ్చింది. “మెమో అంటే ఏంది అయ్యా? ఉద్యోగం పోతదా?”

“పోదు. కాయితం మీద తిట్టడం, అంతే.”

“నన్ను తిట్టాల్సింది ఆ బిడ్డ పడ్డదా,” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరునాడు జంపక్క ఆ శేషవస్త్రం భుజాన వేసుకుని పనిలోకి వచ్చింది. ఒంటిమీద వేసుకోనన్న మనిషి, బసవపున్నయ్యగారి గది ముందే తల వంచకుండా ఊడ్చింది. ఆయన ఆమె భుజం వైపు చూశారు. ఇన్నాళ్లూ ఎవరూ కట్టని బట్టలా ఆ పసుపులో నిలువు మడతల జాడ ఇంకా ఉంది. ఆయనకు అర్థమైందనే నా నమ్మకం. గదిలోని కుర్చీ మీదికి కాళ్లు తీసుకుని, “ఇక్కడ కూడా ఊడువమ్మా,” అన్నారు. అంతకుమించి ఏమీ అడగలేదు.

వెనకగదిలో యంత్రం తన సంగతి రాసుకుంటూనే ఉంది.