మల్లేశ్ కట్టిన పాట

పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇవాళ మీతో చెప్పేస్తున్నాను. జాలిపడకండి. నన్ను తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండిపోతోంది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. హైటెక్ సిటీలో మా ఆఫీసుకు ఒక బ్యాండ్ ఉండేది. గుంటూరు చర్చిలో చిన్నప్పటి నుంచి వాయించిన నేను కీబోర్డు. హఫీజ్‌పేట్ నుంచి వచ్చే మల్లేశ్ బేస్ గిటార్. డెబ్బైలలో అమెరికాలో వచ్చిన ఒక జాజ్-ఫంక్ ఆల్బమ్ అంటే మా ఇద్దరికీ పిచ్చి. నేను దాన్ని పొల్లుపోకుండా వాయించేదాన్ని. మల్లేశ్ మాత్రం అందులో తన వాడకట్టు డప్పును విన్నాడు. రెండూ కలిపి ఒక పాట కట్టాడు. అది విని అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కడుపులో మంటతో నేనూ కొట్టాను.

కంపెనీల బ్యాండ్‌ల పోటీకి వారం ముందు తెలంగాణ బంద్ జరిగింది. మా గేటు మీద రాళ్లు పడ్డాయి. ఆ గుంపులో మన ఆఫీసువాళ్లెవరైనా ఉన్నారా అని మేనేజర్ అడిగితే, మల్లేశ్‌ను చూశానన్నాను. చూడలేదు. ఆ రోజు అతను వాళ్లమ్మను దవాఖానకు తీసుకెళ్లాడని నాకు తెలుసు. అదే అతనూ చెప్పుకున్నాడు. క్యాంటీన్‌లో తెలంగాణ కావాలని బాహాటంగా వాదించేవాడి మాట ఎవరు నమ్ముతారు? అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

రోడ్ల మీద మా ఆంధ్రావాళ్లను పొమ్మంటున్నారు కదా, ఆ కోపంతో చెప్పానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎంత సిగ్గులేని మాట! ఉద్యమం నాకు సాకు. ఉన్నది అసూయ.

వెళ్లిపోతూ మల్లేశ్ లిఫ్టు దగ్గర ఆగాడు.

"అక్కా, నా మీద ఎవరు చెప్పిన్రో నీకేమన్న ఎరుకనా?"

"తెలీదు మల్లేశ్."

"తెలిస్తే నువ్వు చెప్తవు తియ్. పోటీల మన పాట మాత్రం వాయించున్రి. జర బేస్ తగ్గకుండ చూడు."

వాయించాం. గెలిచాం. పాట నాదేనని చెప్పుకున్నాను.

తెలంగాణ వచ్చింది. మల్లేశ్‌కు పోయిన ఉద్యోగం రాలేదు. బాలానగర్‌లో ఏదో ఫ్యాక్టరీలో చేరాడని, గిటార్ అమ్మేశాడని విన్నాను. అతని పాటను మాత్రం ఇక్కడి కుర్ర బ్యాండ్‌లు ఇప్పటికీ వాయిస్తున్నాయి. ఆ అమెరికా ఆల్బమ్ విని పాట కట్టానని నేను చెప్పుకునే కథ విన్న ఒకమ్మాయి, మొన్న రాయదుర్గంలో నా దగ్గరికొచ్చి, "ఆ ఆల్బమ్ మిమ్మల్ని ఎంత మార్చిందండీ!" అంది.

నన్నా? అంత గొప్ప సంగీతం విని కూడా నేను ఇలాగే ఎందుకు మిగిలాను? అడగాల్సింది అది. నేను నవ్వి థాంక్స్ చెప్పాను. మళ్లీ.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఆ పాట మల్లేశ్‌ది. అతన్ని గెంటించింది నేను. రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.