వేడినీళ్ల బోరుకు సిమెంటు పరీక్షించిన సారు

మా ల్యాబ్ సారు పోయారని మంగళవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "అట్లనా" అన్నాను. పొయ్యి మీది అన్నం దించి గంజి వార్చాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

బస్తర్ గనుల కాలనీలో సిమెంటు పరీక్షించే గదికి ఆయన పెద్ద. ఊరు ఆంధ్రా. నేను కొంటా నుంచి వచ్చిన కూలీని, సిమెంటు పోసే అచ్చులు కడిగేదాన్ని. మొదటి రోజు నుంచీ "అమ్మా" అనే పిలిచారు. సిమెంటుకు నా చేతులు పగిలితే, కొబ్బరినూనె సీసా తెచ్చి కిటికీలో పెట్టారు.

ఒక ఏడాది కొంటా వైపు, నేల అడుగునున్న వేడినీటిని పైకి తెచ్చే బోరు వేస్తున్నారు. ఇనుప గొట్టం చుట్టూ పోసే సిమెంటు పరీక్షకు మా దగ్గరికొచ్చింది.

"గట్టిగా ఉంటే చాలదమ్మా. వేడికి ఇనుమూ సాగుతుంది, సిమెంటూ సాగుతుంది. రెండూ ఒక్క తీరున సాగకపోతే విడిపోతాయి. ఆ సందులోంచి ఆవిరి తన్నుకొస్తుంది. పైన మనుషులుంటారు" అన్నారు.

సిమెంటు పోసిన గొట్టం ముక్కను కాచడం, చల్లార్చడం, మళ్లీ కాచడం. వారమంతా అదే పని. చల్లారినప్పుడల్లా ముక్కను తుడిచేది నేనే.

బోరు ఇంజనీరు జీపులో వచ్చాడు. "రిపోర్టు జల్దీ ఇయ్యండి సాబ్, మిషన్లు ఊరికే నిలబడ్డాయి."

సారు నావైపు తిరిగారు. "తుడిచింది నువ్వు. ఏం చూశావో చెప్పమ్మా."

"గొట్టం పక్కన వెంట్రుకంత చీలిక ఉంది సార్."

"కూలిమనిషికి ఏం తెలుసు?" అన్నాడు ఇంజనీరు.

"ఆమె కళ్లు నాకంటే మంచివి" అంటూ సారు భూతద్దం పెట్టి తనూ చూసి, అక్కడే ఫెయిల్ అని రాసి సంతకం పెట్టారు.

వేడికి తట్టుకునేలా పలుగురాతి పొడి కలిపి మళ్లీ చేశాం. ఈసారి చీలలేదు. ఆ సిమెంటే పోశారు, బోరు నిలిచింది. నెల తిరగకముందే సారును సామాన్ల స్టోరుకు మార్చారు. ఎందుకు సార్ అనడిగితే, "అక్కడ దుమ్ము తక్కువలే" అన్నారు. నేను ఆ గదిలోనే ఇంకా పదకొండేళ్లు పనిచేశాను.

దహనం రోజున కూతురు చెప్పింది. "కూలీ మాట నమ్మి పొరపాటు చేశానని రాసిస్తే ల్యాబ్‌లోనే ఉంచుతామని పైవాళ్లన్నారక్కా. నాన్న రాయలేదు. రాస్తే నీ పని పోతుందని."

"నాకు చెప్పలేదేంది?"

"చెప్పొద్దన్నారు."

పాడె వెనక నడిచాను. గని రోడ్డు మీద లారీలు ఆగి దారిచ్చాయి. వాటి ఎర్రదుమ్ము మెల్లగా వచ్చి ఆయన మీది తెల్లబట్ట మీద వాలింది. ఎవరూ దులపలేదు.