ఆమెన్ అంటే మా నాయనమ్మే

ఆరేళ్లు వచ్చేదాకా, ప్రార్థన చివర అందరూ అనే ‘ఆమెన్’ నాకు ‘ఆమెను’ అనే వినిపించేది. శంషాబాద్‌లో మా చర్చి మీదుగా విమానం వెళ్తుంటే పాస్టర్ గారు చప్పుడు పోయేదాకా ఆగి, మళ్లీ అందుకునేవారు. కాపాడు తండ్రీ, దీవించు తండ్రీ అని ఆయన అడుగుతారు. ఎవరిని అన్నది చివర్లో అందరూ కలిసి చెబుతారు అనుకునేదాన్ని.

ఆ ‘ఆమె’ ఎవరో చాలా రోజులు అర్థం కాలేదు. నాయనమ్మ నల్లా దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆ అనుమానం తీరిపోయింది.

ఆపరేషన్ అయ్యాక రోజూ నడవాలని డాక్టర్లు గట్టిగా చెప్పారు. నాయనమ్మ మంచం దిగలేదు. కందుకూరు చేలల్లో పొద్దంతా వంగి కలుపు తీసిన మనిషి, వాకర్‌ను చూస్తేనే భయపడింది.

“మళ్ల పడితే ఇగ లేవ. నన్ను గిట్లనే ఉండనియ్యి” అనేది అమ్మతో. ఎయిర్‌పోర్టు క్యాంటీన్‌లో డ్యూటీకి వెళ్తూ అమ్మ బతిమాలేది, వచ్చాక మళ్లీ బతిమాలేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను.

“నాయనమ్మా, చర్చిల అందరు నీ గురించే అడుగుతున్నరు.”

“ఎవరడిగిన్రే?”

“అందరు. ప్రార్థన అయిపోంగనే ఆమెను, ఆమెను అంటరు గదా. నువ్వే గదా ఆమె!”

నాయనమ్మ మంచం ఊగేలా నవ్వింది. పడ్డాక ఆమె నవ్వడం అదే మొదలు. నేను పొరబడ్డానని మాత్రం చెప్పలేదు.

“గంతమంది అడుగుతుంటె నేను పండుకుంటె ఏం బాగుంటది? జర ఆ బండి ఇటు జరుపు” అంది. బండి అంటే వాకర్.

మొదటిరోజు గడప దాకా నడిచింది. తర్వాత వాకిట్లోకి. విమానం చప్పుడు వినబడగానే బయల్దేరి, అది గగన్‌పహాడ్ వైపు మాయమయ్యేలోపు గేటు పట్టుకోవాలని మా ఇద్దరి పందెం. ఓడిపోతే పైలట్‌ను తిట్టేది. చలికాలం వచ్చేసరికి వాకర్ పోయి చేతికర్ర మిగిలింది.

అప్పుడొక ఆదివారం తెల్లచీర కట్టుకుని, చర్చికి నడిచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ప్రార్థన ముగిసి అందరూ “ఆమెన్” అనగానే నేను ఆగలేకపోయాను. కుర్చీ ఎక్కి అరిచాను.

“ఆమె వచ్చింది!”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అమ్మ నా గౌను పట్టి లాగింది. నాయనమ్మ కర్ర ఊని లేచి నిలబడింది.

“పోరిని ఏమనకున్రి. ఆమెన్ అంటే ‘ఆమెను’ అనుకున్నది. మీరందరు నా కోసమే అడుగుతున్నరని చెప్పింది. ఆ మాట మీదనే లేచిన” అంది.

నవ్వులు, చప్పట్లు. పాస్టర్ గారు కూడా నవ్వు ఆపుకోలేక, “అయితే ఇంకోసారి గట్టిగా అందామా అమ్మా?” అన్నారు. ఆ ‘ఆమెన్’కు పైకప్పు రేకులు అదిరాయి.

దాని అర్థం ‘అలాగే జరుగును గాక’ అని ఆరోజే అమ్మ చెప్పింది. “జరిగింది గదా మరి” అన్నాను.

బయట ఆటో పిలుస్తామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. ఎలక్షన్ గెలిచిన సర్పంచ్‌లా దారిపొడవునా అందరికీ దండాలు పెడుతూ, ఇంటికి నడిచే వచ్చింది.