లూస్ అంటే ఏంటో అడగడానికి మిష్రిఫ్ వెళ్లాను

కువైట్‌కు నేను వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, పేరు పెట్టడానికి. మా ఇళ్లల్లో పుట్టిన బిడ్డ చెవిలో మొదట పేరు చెప్పాల్సింది మేనత్త. మా తమ్ముడు సురేష్ దజీజ్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో పని చేస్తాడు, కాపురం సాల్మియాలో. వాడికి కూతురు పుట్టిందని తెలిసి, కడపలో నా మ్యాచింగ్ సెంటర్‌కు తాళం వేసి, విజిట్ వీసా మీద విమానం ఎక్కాను. దిగిన రోజే మరదలు అనిత నాకు అన్నం వడ్డిస్తూ చల్లగా చెప్పింది, "వదినా, పాపకు పేరు అనుకున్న్యాం. లూస్ అని." ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మా వైపు లూసు అంటే తిక్క మనిషి. జాకెట్టు ముక్క రంగు కలవలేదని కొట్లో పోట్లాడి వెళ్లినవాళ్లని కూడా, వాళ్లు మెట్లు దిగాక, మేము ఆ మాటే అనుకుంటాం.

ఆ పేరు ఎదురు ఫ్లాట్‌లో వంటపని చేసిన ఫిలిప్పీన్స్ మనిషిదట. అనితకు నొప్పులు వచ్చిన మధ్యాహ్నం సురేష్ దజీజ్‌లో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. లూసే ఆమెను పట్టుకుని కిందికి దించి, టాక్సీ ఎక్కించి, ఆస్పత్రిలో బిడ్డ బయటపడేదాకా చెయ్యి వదల్లేదట. "మంచి మనిషే. చీర పెడదాం, వెండి గిన్నె పెడదాం. పేరు ఎందుకు?" అన్నాను. "పేరే పెట్టాల వదినా," అంది అనిత. సురేష్ భార్య మొహం చూసి తల ఊపాడు. పేరు పెట్టేది శనివారం పొద్దున. సరే, ఆ లూస్ దగ్గరికి నేనే పోయి, మా భాషలో దాని అర్థం ఇదమ్మా అని చెప్పి, ఆమె చేతే వద్దనిపించి వస్తానని గట్టిగా అనుకున్నాను. ఇంట్లో మాత్రం కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్తున్నానన్నాను. అనిత అమ్మ నాతో కట్టిచ్చి పంపిన ఓళిగల్లోంచి, అదే బొబ్బట్లలోంచి, కొన్ని డబ్బాలో పెట్టుకున్నాను.

లూస్ ఇప్పుడు మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఉంటుంది. సాల్మియా నుంచి బస్సులో వెళ్తే మూడు వందల ఫిల్స్ లోపే, దినార్‌లో మూడో వంతు కూడా కాదు, కానీ బస్సు పెద్ద రోడ్డు మీద దింపేస్తుంది, ఆ తర్వాత విల్లాల మధ్య చాలా దూరం నడవాలి. పైగా శుక్రవారం పొద్దున బస్సులు పలచగా వస్తాయి. అందుకే తెలిసినవాళ్ల ద్వారా రాయచోటి ఖాదర్ బాషా టాక్సీ మాట్లాడుకున్నాను, పోనూ రానూ ఆరు దినార్లు, మధ్యలో ఆగినందుకు వేరే ఏమీ లేదు. తొమ్మిదింటికి బయల్దేరాం. సముద్రం పక్కన అపార్ట్‌మెంట్లు, ఇంకా తెరవని మాల్స్ దాటి హైవే ఎక్కితే, సిగ్నళ్లతో కలిపి ఇరవై నిమిషాల దారి. ఎవర్ని చూడ్డానికని ఖాదర్ అడిగాడు. పేరు చెప్పాను. అద్దంలోంచి నా వైపు చూశాడు.

"నిజంగా ఆ పేరేనా అక్కా, లేకుంటే నువ్వు కోపంలో పెట్టిందా?"

"నిజంగానే అన్నా. అదే పేరు మా బిడ్డకు పెడతామంటాండారు."

"అల్లా. ఇంగ బళ్ళో పిల్లోళ్లు ఊరుకుంటారా?"

"అదే గదా నా బాధ. ఈరోజు తేల్చుకోని వస్తా."

మిష్రిఫ్‌లో వీధులన్నీ ఒకే రంగులో, ఒకేలా శుభ్రంగా ఉంటాయి, బయటివాళ్లకు గుర్తు దొరకదు. అనిత పంపిన లొకేషన్ మమ్మల్ని ఒక గోధుమరంగు విల్లా ముందు ఆపింది. బయట కారు కడుగుతున్న ఇంటి డ్రైవరు బంగ్లాదేశ్ మనిషి. లూస్ కావాలని హిందీలో అడిగాను. అలాంటి పేరుగల మనిషి ఇక్కడ లేదన్నాడు. మళ్లీ అడిగాను, మళ్లీ లేదన్నాడు. పక్క విల్లాలో అడిగాను, అక్కడా లేదు. లూస్ నంబరు నా దగ్గర లేదు. అనితకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, పాపను నిద్రపుచ్చుతూ ఉండుంటుంది. "ఎల్లిపోదామా అక్కా?" అన్నాడు ఖాదర్. పోయే ప్రసక్తే లేదన్నాను. అవసరమైతే వీధిలో ప్రతి తలుపూ తడతానన్నాను. అన్నంత పనీ చేసేదాన్నే. అంతలో ఖాదర్, ఇక్కడి ఇళ్లల్లో పనివాళ్ల పేర్లు నోటికొచ్చినట్టు మార్చేస్తారని గుర్తొచ్చిందేమో, మొదటి విల్లా డ్రైవరు దగ్గరికి వెళ్లి, "లోజ్? లోజ్ ఉందా?" అన్నాడు. ఆ మనిషి మొహం వెలిగింది. "లోజ్ అని చెప్పొచ్చు గదా," అని వెనక వంటింటి తలుపు చూపించాడు. లోజ్ అంటే అరబ్బీలో బాదంపప్పట. ఈ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను మొదటి రోజు నుంచీ అలాగే పిలుస్తోంది.

లూస్‌కు నలభై దాటి ఉంటాయి. పొట్టిగా, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అనిత ఆడబిడ్డనని చెప్పగానే నన్ను వాటేసుకుంది. కాసేపు వంటింటి గడప మీదే కూర్చున్నాం. ఆమె ఇంగ్లీషు, నా కొట్టు ఇంగ్లీషు, మధ్యలో చేతులు. సాల్మియా వదిలి ఇక్కడికెందుకు వచ్చావని ఊరికే అడిగాను. "ఆ రోజు మేడంకు చెప్పకుండా ఇల్లు వదిలి ఆస్పత్రికి వెళ్లాను కదా. మేడంకు కోపం వచ్చింది. నన్ను వాళ్లమ్మ ఇంటికి పంపింది. ఖలాస్," అని నవ్వింది. ఈ ఇల్లు పెద్దది, పని రెట్టింపు, శుక్రవారం సెలవు కూడా లేదు. మా తమ్ముడు నాకీ సంగతి చెప్పలేదు. వాడి మీద నాకు మండింది.

ఓళిగల డబ్బా ఆమె చేతికిచ్చి అసలు విషయానికి ఎలా రావాలా అని చూస్తుంటే, ఆమే మొదలుపెట్టింది. "సిస్టర్, పాపకు నా పేరు వద్దు. మీ భాషలో పిచ్చిది అని అర్థమట కదా, అనిత నవ్వుతూ చెప్పింది. పాపను స్కూల్లో ఏడిపిస్తారు. ఇంకో పేరు పెట్టండి."

నేను ఏ మాట కోసం వచ్చానో ఆ మాట అడగకుండానే ఇచ్చేసింది. తీసుకుని లేచి రావచ్చు. కానీ సిగ్గేసింది. మరి మీ భాషలో అర్థం ఏంటని అడిగాను. అది తమ భాష కాదంది. స్పెయిన్ వాళ్లు తమ దేశాన్ని ఏలి వదిలిపోయిన పేర్లలో ఒకటట. పూర్తి పేరు మరియా దె లా లూస్, వెలుగు తల్లి మేరీ. లూస్ అంటే స్పానిష్‌లో వెలుగు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చిందని తర్వాత నేను ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. "మా అమ్మమ్మ ఇంకోటి కూడా చెప్పేది," అంది లూస్. "ఆడమనిషి బిడ్డను కన్నది అనడానికి స్పానిష్‌లో 'దార్ ఆ లూస్' అంటారు. వెలుగుకు ఇచ్చింది అని."

నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఆ మధ్యాహ్నం టాక్సీలో అనిత చెయ్యి పట్టుకున్న మనిషి పేరు అది. లోపల్నుంచి మామా వచ్చింది, తెల్లజుట్టు పెద్దావిడ. ఒక ఓళిగ తుంచి నోట్లో వేసుకుని, "జేన్," బాగుందని తల ఊపి, లూస్ భుజం తట్టింది. "యల్లా, లోజ్," ఇక పద అని మెల్లగానే పిలిచింది. లూస్ లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, "పేరు నీదే పెడతాం. నువ్వు వద్దన్నా పెడతాం," అన్నాను.

కారెక్కగానే ఖాదర్ అడిగాడు, "తేల్చుకున్న్యావా అక్కా?"

"తేల్చుకున్న్యా. లూసే."

అతను ఏసీ పెంచాడు.

శనివారం పొద్దున పళ్లెంలో బియ్యం పోసి, సురేష్ ఉంగరంతో పేరు రాశాడు. అనిత ఫోన్‌లో వీడియో పెట్టింది. అవతల లూస్, వంటింట్లో నిలబడి, తడిచేతులతో. నేను పాప చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు చెప్పాను. నెమ్మదిగా, చివర ఉకారం లేకుండా. తర్వాత ఎవరికీ వినపడకుండా ఇంకో మాట కూడా చెప్పాను, "ఎవురన్నా నగితే మీ నాయన దగ్గిరికి పోవద్దు, నా దగ్గిరికి రా." తలెత్తేసరికి ఫోన్‌లో లూస్ వేలు చూపించి, ఇంకొక్కసారి అనమని అడుగుతోంది. గట్టిగా అన్నాను. అవతలి గదిలోంచి "లోజ్" అని పిలుపు వినపడింది. ఆమె "నామ్, మామా," వస్తున్నానని బదులు పలికింది కానీ, వెంటనే కదల్లేదు.

ఆ పేరు ఎన్ని నోళ్లు దాటి మా పాప చెవిలో పడిందో ఇప్పుడు తలుచుకుంటే, దాన్ని తుంచేయడానికి ఆరు దినార్లు పెట్టి టాక్సీ ఎక్కిన నా మీద నాకే నవ్వొస్తుంది. పాప పెద్దయ్యాక కడప వస్తుంది, మా కొట్లో కూర్చుంటుంది, ఎవరో ఒకరు నవ్వుతారు. వాళ్లకు అర్థం చెప్పి పంపే బాధ్యత నాది. మీరూ మిష్రిఫ్ వైపు ఇళ్లల్లో పనిచేసే మనవాళ్లనో, స్నేహితులనో చూడ్డానికి వెళ్తుంటే ఒక్క సలహా: ఆ ఇంట్లో ఆ మనిషిని ఏమని పిలుస్తారో ముందే కనుక్కుని వెళ్లండి, లేకపోతే తలుపు దాకా వెళ్లి తిరిగి రావాల్సి వస్తుంది. లోపలికి వెళ్లాక మాత్రం సొంత పేరుతో పిలవండి.