ఇరవై ఏడు బై ఒకటి

ఆ రోజుల్లో మా ఊరికి ఉత్తరం రావడానికి ఇంటి నంబరుతో పని ఉండేది కాదు. మా బాపు పేరు, ఊరి పేరు, 'మోత్కూర్ దగ్గర' అన్న ముక్క ఉంటే చాలు, పోస్టాయన సైకిల్ మా దర్వాజ ముందు ఆగేది. బాపు పోయిన తర్వాత కూడా చాలాకాలం మాకు ఉత్తరాలు ఆయన పేరు మీదే వచ్చాయి. ఇల్లు పంచుకునేదాకా మాకు ఒక చిరునామా ఉందన్న సంగతే నాకు తట్టలేదు. పంచుకున్నాక దానికోసం నేను చేసిన యుద్ధం తలచుకుంటే ఇప్పుడు నవ్వు వస్తుంది. అయితే ఆ నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది మా పంపకాలు అయ్యాయి. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కొత్తగా పెళ్లయింది. మోత్కూర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాడిని. అన్న నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నన్ను ఎత్తుకుని తిరిగినవాడు, బడిలో వేసినవాడు. నలుగురు పెద్దమనుషుల ముందు ఇత్తడి గ్లాసులో రెండు చీటీలు వేశారు. నేను తీశాను. వెనక సగం వచ్చింది. అరుగు, పాత టేకు దర్వాజ ఉన్న ముందు సగం అన్నకు పోయింది. (చీటీ తీసింది నేనే. కానీ గ్లాసు పట్టుకున్నది అన్న. అందుకని నాకు ఇప్పటికీ ఒక చిన్న అనుమానం ఉంది.) వాకిలి నడుమ గోడ లేచింది. నేను పశువుల కొట్టం వైపు గోడ పగలగొట్టి, వెనక సందులోకి ఒక తలుపు పెట్టుకున్నాను.

దర్వాజ మీద నీలం రంగుతో రాసిన 4-27 అనే అంకె కూడా దర్వాజతో పాటు అన్నకు పోయిందని ఆ రోజు ఎవరూ గమనించలేదు. గ్యాసు కనెక్షన్‌కు చిరునామా కావాలని పంచాయతీ ఆఫీసుకు పోయినప్పుడు గాని నాకూ తెలియలేదు. కార్యదర్శి వచ్చి, నా కొత్త తలుపు మీద ఎర్ర రంగుతో 4-27/1 అని రాశాడు.

"సార్, నడుమ గీ గీత ఏంది?" అన్నాను.

"బై వన్. ఇల్లు రెండైంది గద. అసలు నంబరు మీ అన్నది. దాంట్లకెల్లి పుట్టింది నీది."

"ఆయనది అసలుదైతే నాది నకలా?"

"నకలు గాదు తమ్మీ, బై వన్."

"అట్లయితే ఆయనకు బై వన్ వెయ్యిండ్రి, నాకు బై టూ వెయ్యిండ్రి. సమానం అయితది."

"మరి ఆయన కరెంటు బిల్లు, ఆధారు కార్డు, రేషన్ కార్డు అన్ని మార్చాలె. నీ ఒక్కని కోపానికి గంత పని ఎవరు జేస్తరు?"

'నీ ఒక్కని కోపానికి' అన్న ఆ మాటను నేను అదే రోజు డైరీలో రాసుకున్నాను. నాకు జరిగిన అవమానాలన్నిటికీ అందులో తారీఖులు ఉన్నాయి.

మళ్లీ పెద్దమనుషులను పిలిపించాను. "నంబరు కూడ మా బాపు ఆస్తే. దాన్నెందుకు పంచలేదు?" అని అడిగాను. వాళ్లలో అందరికన్నా పెద్దాయన భుజం మీది తువ్వాల జారిపోయేలా నవ్వి, "నాలుగు మీ అన్నకు ఇచ్చి, ఇరవై ఏడు నువ్వే తీసుకో బిడ్డా. ఎక్కువ నీకే వస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. మిగతావాళ్లను క్షమించేవాడినేమో గాని, ఆ నవ్వు నన్ను కాల్చింది. లేచి నిలబడ్డాను.

"ఇయ్యాల్టి సంది గా ఇంటోళ్లకు నాకు నోటి మాట లేదు. నాకేమన్న జెప్పాల్నంటే పోస్టుల పంపుండ్రి."

అన్న నవ్వు ఆపాడు. "గోడ అవుతలికి పోస్టా?"

"ఔ. పోస్టే."

"సరే తమ్మీ. నువ్వన్నవు, నేనిన్న" అని లేచి పోయాడు.

మరునాడు పోస్టాఫీసుకు రెండు పేజీల అర్జీ పెట్టాను. తెలుగు మాస్టరును కదా, ఎక్కడా కొమ్ము కూడా తప్పు పోలేదు. '4-27/1 అనే చిరునామాను నేను అంగీకరించడం లేదు. ఆ నంబరుతో నా పేరిట వచ్చే ఏ ఉత్తరాన్నైనా నాకు అందజేయక, పంపినవారికే తిప్పి పంపవలసింది. పాత ఇంటిలోనూ ఇవ్వరాదు. రెండు ఇండ్లకు ఎట్టి సంబంధమూ లేదు. నడుమ దూరం కూడా చాలా ఉన్నది.' ఉత్తరాలు వాపసు పోతుంటే సర్కారే దిగివచ్చి నాకు సొంత నంబరు ఇస్తుందని నా లెక్క.

పోస్టాయన చదివి తల గోక్కున్నాడు. "సారూ, నడుమ ఉన్నది ఒక గోడే గద?"

"అర్జీల రాసిందే నమ్మాలె. ముద్దరెయ్యి."

వేశాడు. గుండ్రటి ముద్ర పడిన ఆ జిరాక్సును ఫైల్లో పెట్టుకుని, గెలిచినంత సంతోషంగా ఇంటికి వచ్చాను. అర్జీ బాగానే పనిచేసింది. గ్యాసు కాగితాలు వాపసు పోయాయి. బ్యాంకు కార్డు వాపసు పోయింది. "నీ నంబరు పంచాయితీ తెగేదాక నేను కట్టెల పొయ్యి ఊదుకుంట కూసోవాల్నా?" అని అడిగి, మా ఆవిడ కాన్పుకు తల్లిగారింటికి పోయింది.

ఇక అన్న బిడ్డ సంగతి. ఆ పిల్లను మేమందరం పిట్ట అనేవాళ్లం. నా భుజాల మీద పెరిగింది. పలక మీద దానికి అఆలు దిద్దించింది నేనే. గోడ లేచాక, అటువైపు రోలు మీదికెక్కి తల బయటపెట్టి, "చిన్నబాపూ, నీతోని మాట్లాడాల్నంటే నెత్తికి స్టాంపు అతికిచ్చుకోవాల్నా?" అనేది. నాకు నవ్వు పొంగేది. దాన్ని మింగి, "లోపలికి పో, పడ్తవు" అని ముఖం తిప్పుకునేవాడిని. కొన్నాళ్లకు ఆ తల గోడ మీద కనిపించడం మానేసింది.

అంతలో పిట్టకు ఓణీల ఫంక్షన్ అని ఊరంతా అనుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు. అయినా పిలుస్తారని నాకు గట్టి నమ్మకం. మోత్కూర్ పోయి దాని కాలికి వెండి పట్టగొలుసులు కొన్నాను. ఆ ఆదివారం పొద్దున్నే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, తలుపు గడియ తీసి పెట్టి, దాని వెనక కుర్చీలో కూర్చున్నాను. గోడ అవతల షామియానా, డప్పులు, మాంసం కూర వాసన. వదినె గొంతు ఒకసారి స్పష్టంగా వినిపించింది: "ఇంక రాలేదా? జరసేపు ఆగుదం." ఫొటోలు తీసేవాడి కోసం అనుకున్నాను. పన్నెండయింది, రెండయింది. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయింది. లేచి, పట్టగొలుసులు పెట్టె అడుగున పెట్టి, పొద్దటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాను. ఆ సాయంత్రం డైరీలో మూడు పేజీలు రాశాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అన్నతో ముఖాముఖి మాట లేదు. నాకు కొడుకు పుట్టాడు, గ్యాసు కోసం మా ఆవిడ నాకు చెప్పకుండానే బై వన్‌కు ఒప్పుకుని సంతకం పెట్టింది, ఆడవాళ్లిద్దరూ గోడ మీదుగా కూరగిన్నెలు మార్చుకున్నారు. ఆ ఫంక్షన్ మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే ఇటు నేను, అటు అన్న అన్నం మానేస్తామని ఇద్దరికీ తెలుసు.

పోయిన చలికాలంలో ఒకనాడు పిట్ట కుంకుమ భరిణతో మా సందు తలుపు తట్టింది. ఇప్పుడు నల్లగొండలో దవాఖానలో నర్సు. తన పెళ్లికి తానే పిలవడానికి వచ్చింది. మా ఆవిడకు బొట్టు పెట్టి, నా చేతికి పెళ్లి పత్రిక ఇచ్చింది. తర్వాత బ్యాగులో నుంచి ఒక పాత కవరు తీసింది.

"గిది గూడ తీసుకో చిన్నబాపూ. ఇది నీదే."

రిజిస్టర్ పోస్టు కవరు. విప్పలేదు. వెనక అంటించిన రసీదు కార్డు మీద సంతకం చోటు ఖాళీగా ఉంది. పైన గుండ్రటి చిన్నపిల్ల అక్షరాలతో, నేను దిద్దించిన అక్షరాలతో, నా పేరు, ఇంటి నంబరు 4-27/1. దాని పక్కన ఎర్ర సిరాతో: 'తీసుకోలేదు. పంపినవారికి వాపసు.'

"బాపే నాతోని రాయించిండు" అంది పిట్ట. "తమ్ముడు పోస్టుల పంపమన్నడు, ఉత్తగ పంపితె బాగుండది, రిజిస్టర్ జేస్తె ఇజ్జత్ గుంటది అన్నడు. సారు తీసుకోనన్నడని పోస్టాయన వాపసు తెచ్చిండు. ఆ దినం బాపు అన్నం ముట్టలే. ఫంక్షన్ నాడు మాత్రం, కవరు తీసుకోకున్నా మనిషొస్తడు అనుకుంట నీకోసం ముహూర్తం దాటేదాక ఆపిండు. అందుకే ఈసారి చేతికిస్తున్న."

కవరు చింపాను. నాలుగు మూలల పసుపు పూసిన పత్రిక, దానితో నోటుబుక్కు కాగితం ముక్క: 'చిన్నబాపూ, నువ్వు లేకుంటె నాకు మంచిగుండది. సందుల నుంచి రానీకి సిగ్గైతె గోడ దుంకి రా. ఎవ్వరు జూడరు.'

లోపలికి పోయి ఫైలు తీశాను. గుండ్రటి ముద్ర మీది తారీఖుకు, కవరు మీది తారీఖుకు నడుమ పదకొండు రోజులు. ఇన్నేళ్లుగా నేను డైరీలో రాసుకున్న అవమానాల్లో అన్నిటికన్నా పెద్దదానికి అర్జీ పెట్టింది నేనే. దాన్ని తప్పులు లేని తెలుగులో రాసింది కూడా నేనే. పెట్టె అడుగు నుంచి పట్టగొలుసులు తీసి పిట్టకు ఇచ్చాను. అవి ఇప్పుడు దాని చీలమండ చుట్టూ అందలేదు. "నా బిడ్డకు పనికొస్తయి తియ్యి" అని నవ్వి, రెండూ ముంజేతికి చుట్టుకుంది. నేను నవ్వలేకపోయాను.

కవరు పట్టుకుని సందు చుట్టి ముందు వైపు పోయాను. అడుగులు లెక్కపెట్టాను: తొంభై ఆరు. అర్జీలో 'చాలా' అని రాసిన దూరం అదే. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నా చేతిలోని కవరును చూశాడు.

"ముట్టిందా?"

"ముట్టింది."

"అయితె సంతకం వెట్టు. ఆ కార్డు నాకు వాపసు రావాలె."

ఆయన పక్కనే కూర్చుని సంతకం పెట్టాను. దాని కింద, నా చేతితో మొట్టమొదటిసారి, 4-27/1 అని రాశాను. తారీఖు దగ్గర కలం ఆగింది.

"ఇయ్యాల్టిదే వెయ్యిరా" అన్నాడు అన్న. "పోస్టు జర లేటైందనుకుందం."

వేశాను. నేను గీసిన ఆ బై గీత కొంచెం వంకరగా వచ్చింది. (నా తలుపు మీద కార్యదర్శి గీసినది కూడా వంకరే. దాని మీద నేను ఇప్పటిదాకా అర్జీ పెట్టలేదంటే, నేను ఎంత మారానో మీరే చూడండి.)